పదిలపరచడం, పదిమందికి చూపడం

మానవుడు స్వభావతః సంగ్రహశీలి. ఏటి ఒడ్డున నడిచే పసివాడు నున్నని గులకరాయి కనబడితే ఏరి జేబులో వేసుకుంటాడు. ఆ రాయివల్ల వానికి కలిగే లాభమేమీ లేదు. అయినా దానిని పారవేయమంటే వాని మనస్సు ఒప్పదు. ఈ సహజప్రవృత్తే వయస్సుతోపాటు పెరిగి, ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క వస్తువును ఆశ్రయిస్తుంది. ఒక తరం బాలలు అగ్గిపెట్టెల మీది బొమ్మలను పోగుచేశారు. మరొక తరం కవర్ల మీది తపాలా బిళ్లలను నీటిలో నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి దాచుకుంది. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో బబుల్‌గమ్ పొట్లాలతో వచ్చే క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు పిల్లల జేబులను నింపాయి. ఆ తరువాత మల్లయోధుల ట్రంప్ కార్డులు, పోకీమాన్ కార్డులు వచ్చాయి. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా, టోక్యోలోనైనా కొత్త కార్డు చేతికి అందినప్పుడు బాలుని కంటిలో మెరిసే మెరుపు ఒక్కటే. వస్తువు మారింది, మనస్సు మారలేదు.

అయితే సేకరించడం ఈ పనిలో సగభాగం మాత్రమే. సేకరించిన దానిని ఎలా ఉంచాలన్నది మిగిలిన సగం. ఈ రెండవ సగంలోనే చాలామందికి శ్రద్ధ సన్నగిల్లుతుంది. కొందరు కార్డులన్నింటినీ ఒక కట్టగా చేర్చి, రబ్బరు బ్యాండు వేసి, బల్లసొరుగులో పడవేస్తారు. కొంతకాలానికి పై కార్డు అంచులు నొక్కుకుపోతాయి. వేసవి వేడికి రబ్బరు జిగటగా మారి బొమ్మకు అంటుకుంటుంది. మరికొందరు ఇందుకు విరుద్ధంగా తమ కార్డులను ఎవరి కంటా పడనీయక బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మొదటివారు వస్తువునే పోగొట్టుకుంటారు. రెండవవారు వస్తువును నిలుపుకొని దాని ప్రయోజనాన్ని పోగొట్టుకుంటారు. దాచినది చూపడానికి వీలుగా ఉండాలి. చూపినది చెడకుండా ఉండాలి. ఈ రెండు ధర్మాలనూ ఒక్కచోట నెరవేర్చే సాధనం పారదర్శకమైన అరలు గల ఆల్బమ్. చూడటానికి సామాన్యమైన ఈ సాధనంలో యువతరం నేర్చుకోదగిన పాఠం ఒకటి ఉన్నది.

ఈ కార్డుల పుట్టుక చిత్రమైనది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలోను, ఇంగ్లండులోను సిగరెట్లు నలిగిపోకుండా పెట్టెలో ఒక అట్టముక్కను ఉంచేవారు. ఆ అట్టమీద బొమ్మ అచ్చువేస్తే అమ్మకాలు పెరుగుతాయని వ్యాపారులు గ్రహించారు. 1896లో విల్స్ సంస్థ ఇంగ్లండులో క్రికెట్ ఆటగాళ్ల చిత్రాలను 50 కార్డుల వరుసగా వెలువరించింది. ఇరవయ్యవ శతాబ్దంలో పొగాకు తొలగి, దాని స్థానంలోకి చూయింగ్‌గమ్ వచ్చింది. 1952లో అమెరికాలోని టాప్స్ సంస్థ వెలువరించిన బేస్‌బాల్ కార్డులు తరువాతివాటికి ఒరవడి అయినాయి. ముందువైపు ఆటగాని చిత్రం, వెనుకవైపు అతని ఆటల వివరాలు వాటిలో ఉండేవి. 1993లో ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’, 1996లో జపానులో పోకీమాన్ కార్డులు రావడంతో బొమ్మకు ఆట తోడైంది. ఇటువంటివాటికి ‘ట్రేడింగ్ కార్డులు’ అని పేరు. ఇక్కడ ట్రేడింగ్ అంటే లాభాపేక్షతో చేసే వర్తకం కాదు, మారకం. తనవద్ద రెండు ఉన్న కార్డులో ఒకటి ఇచ్చి, తనకు లేనిదానిని మిత్రుని వద్ద పుచ్చుకోవడం. ఎవరికీ చూపనివాడు ఎవరితోనూ మార్చుకోలేడు. కనుక చూపడమనే ధర్మం ఈ వస్తువు పేరులోనే ఇమిడి ఉన్నది.

బొమ్మల కార్డు పాశ్చాత్య దేశాల నుండే వచ్చిందని భావించడం పొరపాటు. భారతదేశంలో గంజిఫా అనే చీట్లాట కొన్ని శతాబ్దాల పాటు వర్ధిల్లింది. మొగలు చక్రవర్తి బాబరు 1527లో తన మిత్రునికి గంజిఫా చీట్లను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. ఆ ఆట దక్షిణాపథానికి వచ్చిన తరువాత హిందూ పురాణగాథలు దానిలో ప్రవేశించాయి. దశావతార గంజిఫాలో అవతారానికి పన్నెండు చీట్ల చొప్పున మొత్తం 120 చీట్లు ఉంటాయి. గుండ్రని ఆ చీట్లపై మత్స్యకూర్మాది అవతారాలను చిత్రకారులు చేతితో చిత్రించి, పైన లక్కపూత పూసేవారు. తెలుగునాట నిర్మల్‌లోను, రాయలసీమలోని నొస్సంలోను ఈ కళ వెలసింది. ఇక్కడ గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. చీట్లను చిత్రించిన చేతులే వాటిని ఉంచడానికి కొయ్యపెట్టెను కూడ తయారుచేసేవి. ఆ పెట్టెకు జరుపుమూత ఉండేది. పెట్టె నాలుగువైపులా, మూతపైనా రంగురంగుల చిత్రాలుండేవి. వస్తువుకు ఎంత విలువ ఇచ్చారో దానిని ఉంచే పాత్రకూ అంత విలువ ఇచ్చారన్నమాట. పెట్టె దాచడానికి పనికివచ్చింది. పెట్టెమీది చిత్రం లోపల ఉన్నదానిని చూడమని పిలిచింది. నేటి ఆల్బమ్‌కు ఆ పెట్టెయే పూర్వరూపం.

పుటలను ఒక క్రమంలో కూర్చి, అట్టల మధ్య బిగించి కాపాడే పద్ధతి తిరుపతి ప్రాంతీయులకు కొత్తది కాదు. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ, తరువాతి కాలంలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమైంది. అక్కడ వేలాది తాళపత్ర ప్రతులు ఉన్నాయి. ఒక తాళపత్ర గ్రంథాన్ని చేతిలోకి తీసుకొని పరిశీలిస్తే పూర్వుల వివేకం బోధపడుతుంది. ఆకులన్నింటినీ ఒకే కొలతకు కోసేవారు. ఆకుకు రంధ్రం చేసి, అన్నింటినీ ఒకే త్రాటికి గ్రుచ్చేవారు. అందువల్ల క్రమం తప్పేది కాదు; ఒక్క ఆకూ జారిపోయేది కాదు. పైన ఒకటి, క్రింద ఒకటి కొయ్యపలకలు పెట్టి బిగించేవారు. అందువల్ల ఆకులు వంకరపోయేవి కావు. మొత్తాన్ని బట్టలో చుట్టి దుమ్మునుండి, వెలుతురునుండి కాపాడేవారు. నిమ్మగడ్డి నూనె వంటివి రాసి పురుగును దూరంగా ఉంచేవారు. ఇన్ని రక్షణలున్నా త్రాడు వదులుచేస్తే చాలు, కోరిన ఆకు కంటి ఎదుటికి వచ్చేది. ఒకే కొలత, క్రమబంధం, గట్టి అట్ట, పై కప్పు, సులభంగా తెరిచే వీలు అనే అయిదు లక్షణాలు గల సాధనాన్నే నేటి విపణిలో బైండరు అంటున్నారు. త్రాటికి బదులు లోహపు వలయాలు వచ్చాయి; కొయ్యపలకలకు బదులు అట్టలు వచ్చాయి. సూత్రం మాత్రం పాతదే.

దక్షిణ రాయలసీమలో కాగితానికి శత్రువులు ఎక్కువ. మొదటిది వేడిమి. తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. రెండవది తేమ. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు ఈ ప్రాంతాన్ని తడిపివేస్తాయి. వేసవిలో ఎండి ముడుచుకున్న అట్ట, వానకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏటేటా జరిగే ఈ సంకోచవ్యాకోచాలే కార్డును వంచుతాయి. తళతళలాడే లోహపు పూత గల కార్డులలో ఈ దోషం మరింత స్పష్టంగా కనబడుతుంది. తేమకు కాగితపు పొర సాగుతుంది; లోహపు పొర సాగదు. రెండూ ఒకదానికొకటి అంటుకొని ఉన్నందువల్ల కార్డు విల్లులా వంగుతుంది. మూడవది వెలుతురు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రంగులను వెలవెలబోయేటట్లు చేస్తాయి. నాలుగవది పురుగు. చెదలు పుట్టిన ఇంటిలో కాగితానికి బ్రతుకు లేదు. అయిదవది, అన్నింటికంటె చనువైనది, మానవహస్తం. వ్రేలి చెమట, నూనె కార్డుమీద పడి మరకలవుతాయి. వీటికితోడు అప్పుడప్పుడు ఆకస్మికమైన ఆపదలు వస్తాయి. 2021 నవంబరులో కురిసిన కుంభవృష్టికి తిరుపతి వీధులు ఏరులైనాయి. పల్లపు కాలనీలలో ఇండ్లలోకి నీరు ప్రవేశించింది. అటువంటి వేళ నేలమీద అట్టపెట్టెలో ఉన్న కాగితానికి రక్షణ ఉండదు; ఎత్తైన అరలో ఉన్నది గట్టెక్కుతుంది. ఎక్కడ ఉంచాలన్నది ఎలా ఉంచాలన్నదానికంటె చిన్న ప్రశ్న కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ శత్రువుల నుండి కార్డును కాపాడే మార్గం కష్టసాధ్యమైనది కాదు. నేటి కార్డులలో అధికభాగం సుమారు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు కలిగి ఉంటాయి. మొదట ఒక్కొక్క కార్డును పలుచని పారదర్శకపు తొడుగులో ఉంచాలి. దానినే స్లీవ్ అంటారు. ఆ పిదప తొమ్మిది అరలు గల పుటలో అమర్చాలి. అర పైవైపు తెరచి ఉన్నట్లయితే ఆల్బమ్ తలక్రిందులైనప్పుడు కార్డు జారిపోతుంది. ప్రక్కవైపు నుండి, అందులోనూ లోపలి అంచు నుండి కార్డును చొప్పించే పుటలు మేలైనవి. వలయాల ఆకారాన్ని కూడ గమనించాలి. పూర్తి గుండ్రని వలయాలున్న బైండరులో మొదటి పుటలు, చివరి పుటలు వలయపు వంపుమీదికి ఎక్కి, లోపలి వరుస కార్డులు నొక్కుకుంటాయి. ఒకవైపు నిటారుగా ఉండే అర్ధచంద్రాకారపు వలయాలలో పుటలు సమంగా నిలుస్తాయి. బైండరును క్రిక్కిరిసేటట్లు నింపరాదు. ఒకదానిమీద ఒకటి పేర్చక, పుస్తకాల వలె నిలువుగా ఉంచాలి.

పుట ఏ ప్లాస్టిక్కుతో తయారైనదన్నది మరింత ముఖ్యమైన విషయం. చౌకగా దొరికే పి.వి.సి. కవర్లు మొదట మెత్తగా, నిగనిగలాడుతూ ఆకర్షిస్తాయి. కాని వాటిని మెత్తబరచడానికి కలిపిన రసాయనాలు కాలక్రమేణ బయటకు ఊరుతాయి. పి.వి.సి. క్షీణించే కొలదీ ఆమ్లం కూడ వెలువడుతుంది. కవరు జిగటగా మారి బొమ్మను పట్టుకుంటుంది. రంగును తనతో లాగుకుంటుంది. కొత్త కవరు తెరవగానే ఘాటైన వాసన వచ్చిందంటే అనుమానించవలసిందే. పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్, పాలియెస్టర్ అనేవి నిరపాయకరమైనవి. పెళ్లి ఫొటోలను జిగురు పుటల ఆల్బమ్‌లో అతికించి, ఇరవై ఏండ్ల తరువాత ఊడదీయబోతే ఫొటో చిరిగిన అనుభవం అనేక కుటుంబాలకు ఉన్నది. దాచే వస్తువే దాచబడిన దానిని తినివేయడమంటే ఇదే. కంచె చేను మేసిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సత్యం. కార్డును జిగురుతో అతికించడం, లామినేషన్ చేయించడం, సెలోటేపు వేయడం సర్వదా వర్జనీయం. బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు ఉన్న ఇండ్లలో వాటిని ఆల్బమ్‌కు దూరంగా ఉంచాలి. వాటి ఆవిరి కొన్నిరకాల ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. కొత్త చెప్పుల పెట్టెలలోనూ, మందుసీసాలలోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాన్ని ఆల్బమ్ ప్రక్కన ఉంచితే తేమ కొంత తగ్గుతుంది. ఇవన్నీ చిన్న జాగ్రత్తలు. పెద్ద నష్టాలు చిన్న అజాగ్రత్తల నుండే పుడతాయి.

ఇంతవరకు చెప్పినది దాచడం గురించి. చూపడమన్నది ఇంతకంటె సూక్ష్మమైన విద్య. కార్డును గోడకు తగిలించి నిత్యం ఎండలో నిలబెట్టడం ప్రదర్శన కాదు, అది శిక్ష. ఆల్బమ్ మూసి ఉన్నప్పుడు చీకటిని, తెరచినప్పుడు వెలుతురును ఇస్తుంది. కార్డుపై చేయి పడకుండానే కార్డు రెండువైపులా కన్ను పడుతుంది. అయితే అరలు నింపినంత మాత్రాన ఆల్బమ్ పూర్తి కాదు. ఏ కార్డు ప్రక్కన ఏ కార్డు ఉండాలన్నది నిర్ణయించడంలో సంగ్రహకారుని బుద్ధి వ్యక్తమవుతుంది. ఒక విద్యార్థి క్రికెట్ కార్డులను జట్ల వారీగా అమర్చవచ్చు. మరొకడు సంవత్సరాల వారీగా అమర్చవచ్చు. వేరొకడు బౌలర్లను, బ్యాట్స్‌మెన్లను వేరుచేయవచ్చు. అమరిక మారినప్పుడు అవే కార్డులు వేరొక కథ చెబుతాయి. దొరకని కార్డుకోసం విడిచిన ఖాళీ అర కూడ మాట్లాడుతుంది. అన్వేషణ ఇంకా ముగియలేదని అది గుర్తుచేస్తుంది. ఆల్బమ్ చివర ఒక కాగితం చేర్చి, ప్రతి కార్డు ఏ సంవత్సరానిది, ఎవరు అచ్చువేశారు, ఎక్కడ, ఎవరివద్ద లభించింది అన్న వివరాలను వ్రాసిపెట్టుకోవాలి. వివరం లేని సేకరణ పేర్లు తెలియని మనుషుల గుంపు వంటిది. వివరం చేరిన క్షణం నుండి అది చరిత్రకు ఆధారమవుతుంది.

పదిలంగా దాచబడి, చూడబడక మిగిలిన నిధికి ఈ ప్రాంతంలోనే మహోదాహరణ ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలను రచించాడని ప్రసిద్ధి. వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారమనే అరలో భద్రపరిచారు. రాగి చెదలకు లొంగలేదు, తేమకు కరగలేదు. రక్షణ దృష్టితో చూస్తే అంతకు మించిన ఏర్పాటు ఆనాడు లేదు. అయినా ఆ రేకులు శతాబ్దాల తరబడి లోకం దృష్టికి దూరమైనాయి. 1922లో అవి తిరిగి వెలుగుచూశాయి. ఆ పిమ్మట సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటిని చదివి, పరిష్కరించి, ప్రచురించారు. లభించిన సంకీర్తనలు సుమారు 14,000. నేడు ఇంటింటా వినవచ్చే ఆ పదాలు, రేకు మూసి ఉన్నంతకాలం ఏ నోటా పలకలేదు. వాటి మూలపు బాణీలు చాలవరకు కాలగర్భంలో కలసిపోయాయి. రాగిరేకు అక్షరాన్ని కాపాడగలిగింది గాని పాటను కాపాడలేకపోయింది. పాట పదినోళ్లలో ఉంటేనే బ్రతుకుతుంది. మహాకవి సంకీర్తనలకు, పిల్లవాని బొమ్మకార్డుకు పోలిక లేదు. కాని దాచడం, చూపడం అనే రెండు ధర్మాలలో ఒకటి లోపిస్తే కలిగే నష్టం రెండింటికీ ఒకే విధమైనది.

ఇందుకు ప్రతిగా, సామాన్యుడు సేకరించిన కార్డులు జాతిసంపదగా మారిన ఉదాహరణ అమెరికాలో ఉన్నది. జెఫర్సన్ బర్డిక్ అనే వ్యక్తి సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసేవాడు. ధనికుడు కాడు, కీళ్లవాతంతో బాధపడేవాడు. ఇతరులు చిల్లర కాగితాలుగా భావించిన సిగరెట్టు కార్డులను, ప్రకటన కార్డులను, పోస్టుకార్డులను జీవితమంతా సేకరించి, వాటికి వర్గీకరణ సంఖ్యలనిచ్చి జాబితా ప్రకటించాడు. ఆయన ఇచ్చిన సంఖ్యలనే నేటికీ సంగ్రహకారులు వాడుతున్నారు. మూడు లక్షలకు పైబడిన ఆ సేకరణను న్యూయార్కులోని మెట్రొపాలిటన్ కళా మ్యూజియానికి దానం చేశాడు. చివరి సంవత్సరాలలో మ్యూజియంలోనే ఒక బల్లవద్ద కూర్చుండి, వంకరపోయిన వ్రేళ్లతో కార్డులను ఒక్కొక్కటిగా ఆల్బమ్‌లలో అమర్చాడు. 1963 జనవరిలో ఆ పని ముగిసింది; మార్చిలో ఆయన కన్నుమూశాడు. నాటి ఆచారం ప్రకారం ఆయన కార్డులను జిగురుతో అతికించాడు. నేటి సంరక్షకులు ఆ పద్ధతిని ఆమోదించరు. కాని ఆయన పద్ధతిలోని లోపంకంటె ఆయన ఉద్దేశంలోని గొప్పతనం పెద్దది. తన ఇంటిలో ఉంటే తనకు మాత్రమే దక్కే ఆనందాన్ని ఆయన లోకానికి ధారపోశాడు.

నేటి కాలంలో ఈ అభిరుచిని ఒక వ్యామోహం ఆవరిస్తున్నది. అది వెల మీది వ్యామోహం. 1952 నాటి టాప్స్ వరుసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. ఇటువంటి వార్త విన్న బాలుడు తన కార్డులను కూడ కాబోయే లక్షలుగా భావించడం సహజం. అప్పుడు కార్డు బొమ్మ కాకుండా పోయి పెట్టుబడి అవుతుంది. స్నేహితునితో మార్చుకోవడానికి చేయి రాదు. తమ్ముడు ముట్టుకుంటే కోపం వస్తుంది. కొందరు గట్టి ప్లాస్టిక్కు పలకలో శాశ్వతంగా మూయించి, దానిపై శ్రేణిని వేయించి దాచుతారు. దీనిలోని అసలు రహస్యాన్ని గ్రహించాలి. ఆ 1952 కార్డు ఎందువల్ల అపురూపమైంది? దాని తోటివి నశించినందువల్ల. అమ్ముడుపోక మిగిలిన ఆనాటి కార్డుల పెట్టెలను 1960లో సముద్రంలో పారవేయించినట్లు టాప్స్ సంస్థలో వాటిని రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. ఇక ఇండ్లలో ఉన్నవి పిల్లలు పెద్దవారైన తరువాత చెత్తబుట్టల పాలయ్యాయి. ఒక కార్డుకు వచ్చిన కోట్లు వేలాది కార్డుల వినాశనానికి వెల. అందరూ ముందునుండే దాచిపెట్టే నేటి కార్డులకు అటువంటి వెల వస్తుందని ఆశించడం ఎండమావిలో నీరు వెదకడమే. ఆశను ఆసరాగా చేసుకొని నకిలీ కార్డులు అమ్మేవారు కూడ ఉన్నారు. కనుక వెలకోసం సేకరించేవాడు తరచుగా వెలనూ పోగొట్టుకుంటాడు, వేడుకనూ పోగొట్టుకుంటాడు.

ఈ అభిరుచిపై కొన్ని ఆక్షేపణలు వినవస్తాయి. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి బొమ్మకార్డులేమిటని పెద్దలు ప్రశ్నిస్తారు. పరీక్షలు దగ్గరపడినప్పుడు రేయింబవళ్లు కార్డుల ధ్యాసలో ఉండటం తప్పే. ఏ వ్యసనమైనా తప్పే. కాని వారానికి ఒక గంట ఒక ఆల్బమ్‌ను సర్దుకోవడం వ్యసనం కాదు. అది వర్గీకరణకు, ఓర్పుకు, పరిశీలనకు అభ్యాసం. జీవశాస్త్ర విద్యార్థి ఆకులను ఆరబెట్టి హెర్బేరియం పుటలపై అమర్చేటప్పుడు చేసేదీ ఇదే. గ్రంథాలయంలో పుస్తకాలకు సంఖ్యలు వేసేవారు చేసేదీ ఇదే. రెండవ ఆక్షేపణ ఖర్చును గురించినది. మూసిన పొట్లంలో ఏ కార్డు ఉన్నదో తెలియక, అపురూపమైనది దొరుకుతుందేమోనని పొట్లం వెంట పొట్లం కొనడం జూదానికి దగ్గరి బంధువు. తల్లిదండ్రుల శ్రమార్జితాన్ని దానికి ధారపోయడం ఎవరూ సమర్థింపదగినది కాదు. అయితే ఈ దోషం కొనుగోలుకు చెందినది. కాపాడటానికి చెందినది కాదు. పొట్లాలకు పెట్టే ఖర్చు కొంత తగ్గించుకున్నా ఒక మంచి ఆల్బమ్ సమకూరుతుంది. కొత్త వంద కార్డులకంటె ఉన్న యాభై కార్డులను చక్కగా నిలుపుకోవడం మేలు.

మూడవ ఆక్షేపణ మిక్కిలి గంభీరమైనది. విదేశీ సంస్థలు లాభంకోసం అచ్చువేసిన బొమ్మలను ఇంత శ్రద్ధతో కాపాడవలసిన అవసరమేమిటని కొందరు అడుగుతారు. దీనికి సమాధానం కార్డులో లేదు. కాపాడే చేతిలో ఉన్నది. చిన్నవస్తువును కాపాడటం నేర్చిన చేయి పెద్దవస్తువును కాపాడగలుగుతుంది. కార్డుకు పి.వి.సి. చేటు చేస్తుందని తెలిసిన విద్యార్థి, తాతగారి పాత ఫొటోలు అటువంటి కవరులోనే ఉన్నాయని గమనిస్తాడు. అటకమీది గోనెసంచిలో ఉన్న పాత ఉత్తరాలు, దస్తావేజులు, తాటాకు కట్టలు అతనికి చెత్తగా కనబడవు. రాయలసీమ పల్లెలలో ఎన్నో ఇండ్లను పడగొట్టి కట్టేటప్పుడు ఇటువంటి కాగితాలు మంటలపాలవుతున్నాయి. వాటిని కాపాడే వ్యక్తి ఒక్కసారిగా పుట్టడు. ఎక్కడో ఒకచోట, ఏదో ఒక చిన్నవస్తువుతో ఆ అలవాటు మొదలుకావాలి. ఆ చిన్నవస్తువు క్రికెట్ ఆటగాని బొమ్మ అయితే తప్పేమున్నది?

తిరుపతి యాత్రాస్థలం. దేశం నలుమూలల నుండి వచ్చేవారు ఇక్కడి నుండి శ్రీనివాసుని చిత్రపటాలను, బొమ్మల పోస్టుకార్డులను తీసుకొని పోతారు. ఒక దశాబ్దంలో అచ్చయిన పటానికి, మరొక దశాబ్దంలో అచ్చయిన పటానికి రంగులలో, అలంకారంలో, అచ్చు పద్ధతిలో భేదం ఉంటుంది. ఇంటిలో ఉన్న అటువంటి కార్డులను, ఆట కార్డులకు పక్కనే మరొక ఆల్బమ్‌లో వరుసగా అమర్చిన విద్యార్థి తన ఊరి ముద్రణకళాచరిత్రకు ఒక పుట చేర్చినవాడవుతాడు. దీనికి ధనం అక్కరలేదు, కన్ను కావాలి. కళాశాలలు కూడ ఇందుకు చేయూతనివ్వవచ్చు. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు గ్రంథాలయంలో నాలుగు బల్లలు వేసి, విద్యార్థుల ఆల్బమ్‌లను ఒక పూట తెరచి ఉంచితే చాలు. కార్డులు, తపాలా బిళ్లలు, నాణేలు, పటాలు ఏవైనా కావచ్చు. ఒకని ఆల్బమ్‌లోని ఖాళీ అర మరొకని జేబులోని రెండవ ప్రతితో నిండుతుంది. పరస్పరం అపరిచితులైన ఇద్దరు విద్యార్థులు ఆ ఖాళీ అర వద్ద మిత్రులవుతారు.

ఏ వస్తువూ శాశ్వతం కాదు. ఎంత మేలైన పుటలో ఉంచినా కాగితానికి ఒకనాటికి జీర్ణత తప్పదు. కాని దాని ఆయువును పెంచడం, ఆ ఆయువులో అది పదిమందికి ఆనందం కలిగించేటట్లు చేయడం మనిషి చేతిలో ఉన్నాయి. నొస్సం చిత్రకారుడు చీటికి పెట్టెను చేశాడు. తాళపత్ర లేఖకుడు ఆకుకు త్రాటిని, పలకను కూర్చాడు. కర్మాగారపు ఉద్యోగి బర్డిక్ తన కార్డులను జాతికి అప్పగించాడు. వారందరి చేతలలోనూ కనిపించే న్యాయం ఒక్కటే: తన తరువాత వచ్చేవాడు కూడ చూడాలి. ఆ తలంపు లేని సేకరణ కేవలం పోగు. ఆ తలంపు ఉన్నప్పుడు తొమ్మిది అరల పుట కూడ ఒక చిన్న గ్రంథాలయం.